చిన్నప్పుడు హింసకు గురైనవారు తమ పిల్లలను పెంచడం ఎలా: ఒడిశా సరిహద్దు తెలుగు కుటుంబాలకు సమగ్ర మార్గదర్శి

"మా నాన్న నన్ను కొట్టినట్టే నేనూ నా కొడుకును కొడుతున్నాను, వద్దనుకుంటూనే చెయ్యెత్తుతున్నాను, ఏం చేయాలి?" అన్న ప్రశ్న బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు తెలుగు ఇళ్ళ నుంచి, ముఖ్యంగా పెద్దబిడ్డకు నాలుగైదేళ్ళు నిండిన తల్లిదండ్రుల నుంచి, పదే పదే వస్తోంది. అడిగేవారిలో చాలామందికి కొట్టకూడదని తెలుసు. దానికి ఏ పని ముందు చేయాలో, ఏది తర్వాత చేయాలో మాత్రం వారికి ఎవరూ చెప్పలేదు.

ఇక్కడ వరుసే ముఖ్యం. మొదట ఇవాళ ఇంట్లో ఉన్న బిడ్డ, ఆ తర్వాత మీ జ్ఞాపకాలు, అన్నిటికంటే చివర మిమ్మల్ని బాధపెట్టిన పెద్దవాళ్ళు. చాలామంది దీన్ని తలకిందులుగా మొదలుపెడతారు. పండగకు ఊరు వెళ్ళి తండ్రిని నిలదీస్తారు, ఇల్లంతా గొడవ అవుతుంది, తిరిగివచ్చాక ఆ వేడి పిల్లల మీదే పడుతుంది.

మీ ఇంట్లో ఇప్పుడే ఒక బిడ్డకు దెబ్బలు గట్టిగా తగులుతున్నా, ఎవరైనా బిడ్డను చెడుగా తాకుతున్నారన్న అనుమానం ఉన్నా, ఇది చదవడం ఆపి 1098కి ఫోన్ చేయండి. మిగతాది తర్వాత చదవవచ్చు.

## 1. ఏది హింస కిందికి వస్తుందో ముందు తేల్చుకోండి

హింస అంటే బెల్టు, బెత్తం మాత్రమే అనుకునేవారు "మాకేం జరగలేదు, అందరిళ్ళలో ఉన్నదే" అని పక్కన పెట్టేస్తారు. అందరిళ్ళలో ఉన్నదన్నది చాలా వరకు నిజమే. 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడి వెలువరించిన అధ్యయనంలో ప్రతి ముగ్గురిలో ఇద్దరు శారీరక హింసకు, సగానికి పైగా పిల్లలు ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపుకు గురైనట్టు తేలింది. ఆనాటి ఆ పిల్లలే ఇవాళ తల్లిదండ్రుల వయసులో ఉన్నారు. అయితే అందరికీ తగిలిన దెబ్బ కాబట్టి ఎవరికీ నొప్పి లేదనడం కుదరదు.

కింది వాటిలో మీకు జరిగినవాటిని మనసులోనే గుర్తు పెట్టుకోండి:

- ఒంటి మీద గుర్తు మిగిలేలా కొట్టడం, వాత పెట్టడం, గదిలో పెట్టి గడియ వేయడం.
- "నువ్వు పుట్టకపోయినా బాగుండేది" వంటి మాటలు రోజూ వినడం, నలుగురి ముందు అవమానపడడం.
- చుట్టం గానీ, పొరుగువారు గానీ, చదువు చెప్పేవారు గానీ లైంగికంగా తాకడం. మగపిల్లలకు జరిగినదీ ఇందులోకే వస్తుంది.
- జ్వరం వచ్చినా, ఆకలేసినా పట్టించుకునేవారు లేకపోవడం.
- తండ్రి తాగివచ్చి తల్లిని కొడుతుంటే దుప్పటి కింద నుంచి వింటూ పెరగడం.

చివరిదాన్ని చాలామంది లెక్కలోకే తీసుకోరు. అమెరికాలోని శాన్ డియేగోలో 1995 నుంచి 1997 వరకు 17,000 మందికి పైగా పెద్దల బాల్యానుభవాలను సేకరించి, 1998 నుంచి ఫలితాలు ప్రచురించిన ఫెలిట్టి, ఆండా బృందం మాత్రం తల్లిని కొట్టడం చూడడాన్నీ, ఇంట్లో తాగుడునూ మిగతా హింసలతో సమానంగా లెక్కించింది. అటువంటి అనుభవాలు ఒకదాని మీద ఒకటి పోగయ్యే కొద్దీ పెద్దయ్యాక దిగులు జబ్బు, తాగుడు, గుండె జబ్బు వంటివి పెరగడాన్ని అది చూపింది.

ఇక్కడే మరో సంగతి తెలియాలి. దెబ్బలు తిన్నవారంతా కొట్టే తల్లిదండ్రులు కారు. అప్పటివరకు జరిగిన పరిశోధనలను 1987లో సమీక్షించిన కాఫ్‌మన్, జిగ్లర్ ఆ హింసను తమ పిల్లల దాకా తెచ్చేవారు సుమారు 30 శాతమని అంచనా వేశారు. మిన్నెసోటాలో పేద తల్లులను ఏళ్ళ తరబడి గమనించిన ఎగెలాండ్ బృందం, ఆ గొలుసును తెంచుకున్న తల్లుల జీవితాల్లో కనిపించిన అండలను 1988లో వివరించింది: చిన్నప్పుడు అండగా నిలిచిన ఒక పెద్దదిక్కు, ఎప్పుడో ఒకప్పుడు అందిన కౌన్సెలింగ్, ఇప్పుడు పక్కన నిలకడగా నిలిచే జీవిత భాగస్వామి. మొదటిది మన చేతిలో లేదు. తక్కిన రెంటినీ ఈ వయసులో కూడా సంపాదించుకోవచ్చు కనుక, కింది పనులన్నీ వాటి చుట్టూనే తిరుగుతాయి.

## 2. సిద్ధం చేసుకోవలసినవి

ఒక వారం దీనికే కేటాయించండి. ఈ వారంలో మిమ్మల్ని మీరు మార్చుకోవాలని ప్రయత్నించవద్దు.

- చిన్న నోటు పుస్తకం. ఎవరి చేతికీ చిక్కని చోట ఉంచండి. ఉమ్మడి ఇంట్లో అది కష్టమైతే, తాళం ఉన్న ఫోనులో రాసుకోండి.
- కోపం వచ్చినప్పుడు రెండు నిమిషాలు నిలబడగలిగే చోటు: పెరడు, మేడ మెట్లు, నూతి గట్టు పక్క, ఏదైనా సరే.
- ఒక మనిషి. ఏ వేళ ఫోన్ చేసినా "ఒకసారి రా" అనగలిగినంత దగ్గరివారు. కింద "మీ మనిషి" అన్న ప్రతిచోటా వీరే.
- ఫోనులో పేర్లతో దాచుకున్న నంబర్లు: పిల్లల సహాయానికి 1098, మానసిక ఆరోగ్య సలహాకు టెలీ మానస్ 14416, మహిళల సహాయానికి 181, అత్యవసరానికి 112.
- భార్యాభర్తల మధ్య ఒక ఒప్పందం: ఒకరు అదుపు తప్పుతున్నప్పుడు రెండోవారు పిల్లవాడిని అక్కడి నుంచి తీసుకెళ్ళాలి, ఆ క్షణంలో తగువు పెట్టుకోకూడదు, పిల్లల ముందు తప్పెవరిదో తేల్చకూడదు.

గంజాం జిల్లా నుంచి సూరత్ మరమగ్గాలకు వెళ్ళినవారి ఇళ్ళలో ఈ చివరి ఒప్పందం వేరుగా ఉండాలి. తండ్రి ఏడాదిలో కొన్ని వారాలే ఇంట్లో ఉంటాడు. మిగతా రోజుల్లో "నాన్న వచ్చాక చెబుతా ఉండు" అన్న బెదిరింపుగానే పిల్లలకు గుర్తుంటాడు, వచ్చినప్పుడు ఆ పోగైన ఫిర్యాదులన్నిటికీ ఒకేసారి శిక్ష వేస్తాడు. అటువంటి ఇంట్లో తల్లి ఫిర్యాదులు పోగుచేయకూడదని, తండ్రి ఫోనులో ముందు పిల్లవాడి మాట విని ఆ తర్వాతే చదువు సంగతి అడగాలని ముందుగానే అనుకోవాలి. రాత్రి ఫోనుకు ఒక వేళ పెట్టుకోండి, ఆ వేళ తప్పనివ్వకండి.

## 3. అది మీలో ఏ రూపంలో మిగిలిందో చూడండి

కొట్టడం ఒక్కటే దాని గుర్తు అనుకోవడం పెద్ద పొరపాటు. జీవితంలో ఒక్కసారైనా బిడ్డ మీద చేయి వేయని తల్లిదండ్రుల్లోనూ బాల్యపు హింస గట్టిగా పనిచేస్తూ ఉండవచ్చు. ఎక్కువగా కనిపించే రూపాలు ఇవి. ఒకే మనిషిలో రెండు మూడు కలిసి ఉండడం మామూలే.

చేయి, నోరు అదుపు తప్పడం. బిడ్డ చేసిన పనికీ మీ కోపానికీ పొంతన ఉండదు. పాలు ఒలికినందుకు వచ్చిన కోపం ఇల్లు తగలబడితే వచ్చేంత ఉంటుంది. మీ నోట మీ తండ్రి మాటే, ఆయన గొంతుతోనే వస్తుంది.

అతి భయం. చిన్నప్పుడు లైంగిక వేధింపుకు గురైన తల్లి కూతురిని మేనమామ ఇంటికి కూడా పంపలేకపోతుంది, రాత్రి రెండుసార్లు లేచి గడియ చూసుకుంటుంది. ఆ భయానికి కారణం ఉంది. ఆ కారణం ఏమిటో చెప్పకపోవడం వల్ల బిడ్డకు లోకమంతా ప్రమాదమన్న ఒక్క సంగతే చేరుతుంది.

మొద్దుబారడం. బిడ్డ ఏడుస్తుంటే మనసు ఎక్కడో ఉంటుంది. అన్నం పెడతారు, స్నానం చేయిస్తారు, కానీ దగ్గరకు తీసుకోవాలంటే ఒళ్ళు బిగుసుకుంటుంది. చిన్నప్పుడు నొప్పి తెలియకుండా ఉండడానికి నేర్చుకున్న ఆ అలవాటు ఇప్పుడు ప్రేమను కూడా తెలియనివ్వదు. ఇటువంటి తల్లులను చుట్టుపక్కలవారు రాయి అంటారు, అది అన్యాయం.

కాదనలేకపోవడం. "నాలా నా బిడ్డ ఏడవకూడదు" అన్న పట్టుదలతో ఏది అడిగినా ఇచ్చేయడం, ఆ తర్వాత భరించలేక ఒకరోజు ఒక్కసారిగా పేలిపోవడం. పిల్లలకు ఈ రెండో భాగమే గుర్తుంటుంది.

బిడ్డను ఆసరా చేసుకోవడం. ఎనిమిదేళ్ళ కూతురికి అత్తమామల సంగతులు, భర్త తాగుడు, అప్పులు చెప్పుకుని ఏడవడం. ఆ పిల్ల తల్లిని ఓదార్చడం నేర్చుకుంటుంది, తనకు దెబ్బ తగిలితే దాచుకోవడం కూడా నేర్చుకుంటుంది. పెద్దవాళ్ళు "మా పిల్ల ఎంత బుద్ధిమంతురాలో" అని మురిసిపోయే చోట ఇది ఎక్కువగా దాగి ఉంటుంది.

మీ బిడ్డ వయసును కూడా చూసుకోండి. మీకు హింస మొదలైన వయసుకు మీ బిడ్డ వచ్చినప్పుడు, అప్పటివరకు నెమ్మదిగా ఉన్న మనసు కారణం తెలియకుండా కలత పడడం చాలామందిలో కనిపిస్తుంది. ఆరేళ్ళ వయసులో మీకు అది జరిగి ఉంటే, బిడ్డ ఆరో ఏడు మీకు కష్టంగా గడవవచ్చని ముందే తెలిసి ఉండడం మంచిది. కాన్పు సమయం కూడా అటువంటిదే. పరీక్షల పేరుతో అపరిచితులు ఒంటిని తాకడం పాత భయాన్ని లేపగలదు. "చేసేముందు ఏం చేస్తున్నారో చెప్పండి" అని నర్సును అడిగే హక్కు మీకు ఉంది.

## 4. రెండు వారాలు రాయండి

ఇప్పుడు నోటు పుస్తకం తీయండి. కోపం గానీ, భయం గానీ, మొద్దుబారడం గానీ వచ్చిన ప్రతిసారీ ఐదు విషయాలు రాయండి: వేళ, బిడ్డ చేసిన పని, మీ ఒంట్లో మొదట తెలిసిన మార్పు, మనసులో మెదిలిన మాట, మీరు చేసిన పని. ఎందుకు జరిగిందో రాయవద్దు. కారణాలు వెతకడం మొదలుపెడితే మొదటి రోజే విసుగు వస్తుంది.

ఒక నమూనా చూడండి. సాయంత్రం ఆరు దాటింది, పొయ్యి మీద ఎసరు మరుగుతోంది. రెండో తరగతి పిల్లవాడు ఒడియా నోటు పుస్తకం తెచ్చి తల్లి ముందు పెట్టాడు. పేజీ నిండా ఎర్ర సిరా సున్నాలు, కింద టీచరు రాసిన రెండు వరుసలు. తల్లి తెలుగు మీడియంలో ఏడో తరగతి దాకా చదివింది, ఆ రెండు వరుసలు ఆమెకు చదవడం రాదు. "ఏం రాశారమ్మా?" అని పిల్లవాడు అడిగాడు. ఆమె చేతిలోని గరిటె తిరగేసి వాడి భుజం మీద వేసింది.

ఆమె పుస్తకంలో రాసుకోవలసిన వరుస ఇలా ఉంటుంది: "ఆరుంబావు. పుస్తకం చూపించి ఏం రాశారని అడిగాడు. చెవులు వేడెక్కాయి, దవడ బిగిసింది. 'నీకేమీ రాదు' అన్న మాట మెదిలింది. గరిటెతో కొట్టాను." వారం తర్వాత చదువుకుంటే ఆ మాట ఎవరిదో ఆమెకు తెలుస్తుంది. అక్షరం తప్పినప్పుడల్లా ఆమె తండ్రి పలక విసిరేసి అన్న మాట అది. పిల్లవాడు అడిగింది ఒక ప్రశ్న, ఆమె విన్నది పాత తిట్టు.

రెండు వారాల తర్వాత పుస్తకం తిరగేసి వీటిని చూడండి:

- ఏ వేళలో ఎక్కువగా జరుగుతోంది? చాలా ఇళ్ళలో అది సాయంత్రం ఆకలి వేళ, లేదా పొద్దున్న బడికి బయల్దేరే వేళ.
- ఒంట్లో మొదట వచ్చే గుర్తు ఏమిటి? దవడా, చెవులా, గొంతా, కడుపా?
- మెదిలే మాట ఒకటేనా? అది ఎవరి గొంతు?
- అత్తగారు గానీ, తోడికోడలు గానీ చూస్తున్నప్పుడు ఎక్కువగా జరుగుతోందా?

వేళ తెలిస్తే సగం పని అక్కడే తీరుతుంది. ఆ తల్లి పుస్తకం చూసే పనిని అన్నం తిన్నాక పెట్టుకుని, ఒడియా చదవగలిగిన పక్కింటి అమ్మాయిని వారంలో మూడు రోజులు పిలిస్తే, రగిలే సందర్భమే రాదు. దీన్ని తప్పించుకోవడం అనుకోవద్దు, మొదటి నెలలో ఇదే సరైన పని.

## 5. ఆ క్షణంలో చేయవలసిన పనులు

కోపం తలకెక్కాక కొత్త పని ఏదీ గుర్తుకు రాదు. కాబట్టి ఈ వరుసను మామూలు వేళల్లో, పిల్లలు బడిలో ఉన్నప్పుడు, నిలబడి పది సార్లు చేసి చూడండి.

1. ఒంట్లో మీ గుర్తు తెలియగానే చేతిలో ఉన్నది కింద పెట్టండి. గరిటె, చీపురు, ఫోను, ఏదైనా సరే.
2. బిడ్డకు అందనంత దూరం, అంటే రెండడుగులు వెనక్కి వేయండి.
3. ఊపిరి బయటికి వదలడం మీద దృష్టి పెట్టండి. లోపలికి నాలుగు లెక్కిస్తే, బయటికి ఆరు లెక్కిస్తూ నెమ్మదిగా ఐదు సార్లు వదలండి.
4. పాదాలు నేల మీద ఆనించి, కనిపించే వస్తువుల పేర్లు మనసులో చెప్పుకోండి: బిందె, కిటికీ, చెప్పులు. ఇది మనసును పాత ఇంటి నుంచి ఈ ఇంటికి తెస్తుంది.
5. బిడ్డతో ఒక్క వాక్యం చెప్పండి: "అమ్మకు కోపం వచ్చింది, రెండు నిమిషాల్లో వస్తాను." చెప్పకుండా వెళ్ళిపోతే వదిలేశారని బిడ్డ అనుకుంటుంది.
6. ముందే అనుకున్న చోటికి వెళ్ళి, మొహం కడుక్కుని, చెప్పిన సమయానికి తిరిగి రండి.

పసిబిడ్డ విషయంలో ఇంకో నియమం. పుట్టిన రెండు మూడు వారాల నుంచి పసిబిడ్డల ఏడుపు పెరుగుతూ, సుమారు ఆరు వారాల వయసులో అన్నిటికంటే ఎక్కువై, మూడు నాలుగు నెలలకు తగ్గుతుంది. ఆ రోజుల్లో ఆకలి, తడి, జ్వరం చూసుకున్నాక కూడా ఏడుపు ఆగకపోవచ్చు. మీకు చేతులు వణికేంత కోపం వస్తే బిడ్డను మంచం అంచున పెట్టకుండా, చదునైన చోట వెల్లకిలా పడుకోబెట్టి, గది బయటకు వచ్చి కొన్ని నిమిషాలు నిలబడండి. ఆ కాసేపు ఏడిస్తే బిడ్డకు ఏమీ కాదు. పట్టుకుని గట్టిగా కుదిపితే మెదడులో రక్తస్రావమై ప్రాణం పోవచ్చు, చూపు పోవచ్చు. ఇంట్లో బిడ్డను ఎత్తుకునే ప్రతి ఒక్కరికీ, తాతగారితో సహా, ఈ మాట చెప్పి ఉంచండి.

## 6. జరిగిపోయాక సరిదిద్దుకోవడం

ఈ భాగాన్ని రెండుసార్లు చదవమని అడుగుతున్నాను, ఎందుకంటే ఎంత సిద్ధపడినా మొదటి నెలల్లో తప్పు మళ్ళీ జరుగుతుంది. జరిగిన ప్రతిసారీ "నేను మారను, మా నాన్న రక్తమే నాది" అని తల్లిదండ్రులు కూలిపోవడం వల్ల పిల్లలకు జరిగే నష్టం, ఆ దెబ్బ వల్ల జరిగినదానికి తోడవుతుంది. పసిపిల్లలూ తల్లులూ ముఖాముఖి ఉండగా నిశితంగా గమనించిన ఎడ్వర్డ్ ట్రానిక్ పరిశోధనల్లో, బాగా సాగే జంటల్లో కూడా ఇద్దరి తీరూ కుదిరి ఉండేది సుమారు మూడో వంతు సమయమే అని కనిపించింది. మిగతా సమయమంతా తప్పిపోవడం, మళ్ళీ కలుసుకోవడం. బిడ్డకు భరోసా ఇచ్చేది ఆ కలుసుకోవడమే. అయితే కొట్టి క్షమాపణ చెప్పడం రోజువారీ తంతు అయితే దానికి విలువ ఉండదు.

చేయవలసిన వరుస:

1. ముందు మీ ఊపిరి నెమ్మదించనివ్వండి. వణుకుతున్న గొంతుతో చెప్పే క్షమాపణ బిడ్డను భయపెడుతుంది.
2. బిడ్డ ఎత్తుకు కిందికి కూర్చోండి. దగ్గరకు రాకపోతే లాగవద్దు.
3. జరిగినదాన్ని దాని పేరుతో చెప్పండి: "నాన్నా, ఇందాక నేను నిన్ను గరిటెతో కొట్టాను. అది నా తప్పు. నువ్వు అడిగినదాంట్లో తప్పు లేదు."
4. ఎక్కడ నొప్పిగా ఉందో అడిగి చూడండి. మందు రాయవలసి వస్తే రాయండి. దాచడానికి పొడుగు చేతుల చొక్కా తొడిగి బడికి పంపవద్దు.
5. బిడ్డ చెప్పేది వినండి. "నాకు నువ్వంటే ఇష్టం లేదు" అన్నా వినండి.
6. మళ్ళీ కోపం వస్తే మీరు ఏం చేస్తారో చెప్పండి: "ఈసారి పెరట్లోకి వెళ్ళి నిలబడతాను." ఇక ఎప్పుడూ కోప్పడనని మాట ఇవ్వవద్దు, నిలబెట్టుకోలేరు.
7. పుస్తకం సంగతి గానీ, ఒలికిన పాల సంగతి గానీ మరో పూటకు వాయిదా వేయండి.

పదేళ్ళు దాటిన పిల్లలతో మాటలు తక్కువగా ఉండాలి. వారు మీ క్షమాపణను నమ్మడానికి నెలలు పట్టవచ్చు, ఆ సమయం వారికి ఇవ్వండి.

ఇక్కడ జరిగే పొరపాట్లు, వాటికి సవరణలు:

- *"నువ్వు అలా చేయకపోతే నేను కొట్టేదాన్నా?"* ఇది నేరాన్ని మళ్ళీ బిడ్డ మీదికి తోయడం. "నువ్వు చేసింది ఒకటి, నేను కొట్టడం వేరే తప్పు" అని విడదీయండి.
- *కొట్టిన వెంటనే చాక్లెట్, ఐస్‌క్రీమ్ కొనివ్వడం.* దెబ్బకు ధర కట్టినట్టవుతుంది. మాట చెప్పండి, కొనడం మరో రోజు.
- *బిడ్డను పట్టుకుని మీరే వెక్కివెక్కి ఏడవడం.* బిడ్డ మిమ్మల్ని ఓదార్చే పనిలో పడుతుంది. మీ ఏడుపును మీ మనిషి దగ్గరకు తీసుకెళ్ళండి.
- *"అమ్మను చిన్నప్పుడు తాతయ్య ఇంకా ఘోరంగా కొట్టేవాడు తెలుసా"* అని పోల్చడం. బిడ్డకు తన నొప్పి చెప్పుకునే చోటు పోతుంది.

## 7. కొట్టకపోతే పిల్లలు మాట వింటారా

వింటారు, ఆలస్యంగా. మొదటి నెలలో అల్లరి కొంచెం పెరగవచ్చు. ఇంట్లో నియమాలు తక్కువగా, బిడ్డకు అర్థమయ్యేలా పెట్టండి. తప్పు చేస్తే దానికి సంబంధించిన ఫలితమే ఉండాలి: నీళ్ళు ఒలకబోస్తే తుడవడం, బొమ్మ విసిరితే ఆ పూటకు బొమ్మ అల్మారాలోకి. మంచి పని చేసినప్పుడు అది ఏమిటో చెప్పి మెచ్చుకోండి. అన్నం మానిపించడం, చీకట్లో నిలబెట్టడం, బయటకు పంపి తలుపు వేయడం శిక్షలు కావు, అవీ హింసే. బాల న్యాయ చట్టం 2015లోని 75వ సెక్షన్ ప్రకారం బిడ్డ బాధ్యత ఉన్న పెద్దలు ఆ బిడ్డను హింసించడం, నిర్లక్ష్యం చేయడం శిక్షార్హమైన నేరం. బడిలో కొట్టడాన్ని విద్యా హక్కు చట్టం 2009 నిషేధించింది కాబట్టి, "మాస్టారూ, మాట వినకపోతే నాలుగు తగిలించండి" అని చెప్పి రావడం కూడా మానండి.

## 8. మీ కథను ఎవరికైనా చెప్పండి

ఇంట్లో దెబ్బలు తగ్గాక, కనీసం ఒక నెల గడిచాక దీనికి రండి. మేరీ మెయిన్, ఆమె సహచరులు 1985 నుంచి చేసిన పరిశోధనలో తేలిన సంగతి ఇది: తల్లిదండ్రుల బాల్యం ఎంత చేదుగా గడిచిందన్నదాని కంటే, ఆ బాల్యాన్ని వారు ఇప్పుడు ఎంత పొందికగా, దాచకుండా, ఆ బాధలో కొట్టుకుపోకుండా చెప్పగలుగుతున్నారన్నది వారి బిడ్డలకు వారి దగ్గర ఉండే భరోసాతో ఎక్కువగా ముడిపడి ఉంది. "మా నాన్న దేవుడు, కొట్టినా మా మంచికే" అని ఒక్క మాటతో తుడిచేయడమూ, మొదలుపెడితే ఆపలేక ఏడవడమూ, రెండూ ఇంకా కుదుటపడని మనసు గుర్తులే.

మొదట మీ మనిషికి చెప్పండి. ఒకసారి కూర్చున్నప్పుడు ఒక్క సంఘటన చాలు. ముందే ఇలా అడగండి: "నువ్వు సలహా ఇవ్వక్కర్లేదు, వింటే చాలు." లైంగిక వేధింపు సంగతులైతే మొదటిసారి కౌన్సెలర్ దగ్గర చెప్పడమే మేలు.

నిద్ర పట్టకపోవడం, పీడకలలు, చావాలన్న ఆలోచన, రోజూ తాగవలసి రావడం, బిడ్డను చంపేస్తానేమో అన్న భయం, వీటిలో ఏది ఉన్నా మాత్రం నెల ఆగకుండా వెంటనే వైద్యుని దగ్గరకు వెళ్ళండి. బరంపురంలో ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. తెలుగులోనే మాట్లాడాలనుకునేవారికి విశాఖపట్నం చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల రైలు ప్రయాణమంత దూరం. ఇల్లు కదలలేనివారు 14416కు ఫోన్ చేసి భాషల్లో తెలుగు ఎంచుకోవచ్చు, డబ్బు పడదు.

భాష సంగతి మన వైపు వారికి పెద్దది. బజారు లెక్కలు, ఆఫీసు కాగితాలు ఒడియాలో సాగిపోతాయి, కానీ చిన్నప్పటి మాట తెలుగులోనే వస్తుంది. అందుకని:

- ఓ.పి. చీటీ తీసుకునేటప్పుడే తెలుగు వచ్చిన డాక్టరు గానీ నర్సు గానీ ఉన్నారా అని అడగండి.
- మాట మార్చి చెప్పడానికి మీ బిడ్డను ఎన్నడూ వెంట తీసుకెళ్ళవద్దు. బడిలో ఒడియా నేర్చిన పిల్లలతో ఆసుపత్రి పనులు చేయించుకోవడం మనకు అలవాటే అయినా, ఈ మాటలు వారి నోట పలికించకూడదు.
- అత్తింటివారిని కూడా మధ్యవర్తులుగా పెట్టుకోవద్దు.
- చెప్పవలసిన మొదటి వాక్యం ముందే కాగితం మీద రాసుకోండి: "చిన్నప్పుడు ఇంట్లో చాలా హింస పడ్డాను. ఇప్పుడు పిల్లల మీద కోపం ఆపుకోలేకపోతున్నాను. నిద్ర లేదు." ఇంత చెబితే డాక్టరు మిగతాది అడుగుతారు.

మొదటి డాక్టరు "పెళ్ళయి పిల్లలున్నారు, ఇంకా పాతవి ఎందుకు" అంటే ఆగిపోవద్దు, మరొకరి దగ్గరకు వెళ్ళండి.

పిల్లలకు మీ కథ చెప్పాలా అని అడిగేవారికి: ఏడెనిమిదేళ్ళ బిడ్డకు "అమ్మను చిన్నప్పుడు కొట్టేవారు, అందుకే అమ్మ కొట్టకుండా ఉండడం నేర్చుకుంటోంది" అన్నంత చాలు. ఎవరు కొట్టారో, ఎలా కొట్టారో పెద్దయ్యాక వారే అడిగితే చెప్పవచ్చు.

## 9. మిమ్మల్ని బాధపెట్టిన పెద్దవాళ్ళతో ఎలా ఉండాలి

క్షమించాలా వద్దా అన్నది మీ సొంత విషయం. దానికి గడువు లేదు, ఎవరూ బలవంతపెట్టకూడదు. "ముసలాయన, ఇంకెన్నాళ్ళు ఉంటాడు" అన్న మాటకు తలొగ్గి మనసు చంపుకున్నవారే ఇంటికి వచ్చి పిల్లల మీద విరుచుకుపడడం ఎక్కువగా చూస్తాం. మీరు తేల్చవలసింది ఆ పెద్దవాళ్ళు మీ బిడ్డ దగ్గర ఎలా ఉండాలన్నది మాత్రమే.

కొట్టే అలవాటున్న తాతయ్య అయితే, నలుగురిలో నిలదీయకుండా విడిగా కూర్చుని ఒకే వాక్యం చెప్పండి: "నాన్నగారూ, మా పిల్లాడి మీద ఎవరూ చేయి వేయకూడదని మేమిద్దరం అనుకున్నాం. మీరు కోప్పడితే మమ్మల్ని పిలవండి." ఆయన మీ పాత సంగతులు ఎత్తితే జవాబు ఇవ్వకండి, ఆ వాక్యాన్నే మళ్ళీ చెప్పండి. మాట తప్పితే సెలవులకు పిల్లలను అక్కడ వదలడం ఆపండి. సూరత్‌లో భర్త, ఇంట్లో అత్తగారు, మధ్యలో కోడలు అన్న ఇళ్ళలో ఈ మాట కొడుకే ఫోన్ చేసి చెప్పాలి. కోడలి మీదికి వదిలేయకూడదు.

లైంగికంగా వేధించినవారి విషయంలో మాత్రం మెత్తదనం పనికిరాదు. వారి వయసు ఎనభై అయినా, ఇప్పుడు మంచం పట్టినా, పూజలు చేస్తున్నా, మీ బిడ్డను వారి దగ్గర ఒంటరిగా ఒక్క నిమిషం కూడా ఉంచవద్దు. పెళ్ళిళ్ళలో, ఠాకురాణి యాత్ర వంటి జాతర రోజుల్లో ఇల్లంతా చుట్టాలతో నిండినప్పుడు పిల్లలు ఎవరి పక్కన పడుకుంటున్నారో మీరే చూసుకోండి. బిడ్డ ఏదైనా చెబితే ముందు నమ్మండి, పదే పదే గుచ్చి అడగవద్దు, 1098కి గానీ పోలీసులకు గానీ తెలపండి. పిల్లలపై లైంగిక నేరాలను శిక్షించే 2012 నాటి పోక్సో చట్టం ఆడ, మగ పిల్లలిద్దరికీ వర్తిస్తుంది, తెలిసినవారు ఫిర్యాదు చేయడం ఆ చట్టం ప్రకారం తప్పనిసరి. పరువు కోసం ఇంట్లోనే సర్దుకోవడం నేరం చేసినవారికి రెండో అవకాశం ఇవ్వడమే.

## 10. నెలకు ఒకసారి చూసుకోవలసిన పట్టీ

నెల మొదటి వారంలో ఒక సాయంత్రం, వీలైతే భార్యాభర్తలిద్దరూ కూర్చుని చూసుకోండి.

- ఈ నెలలో చేయి లేచిన సందర్భాలు పోయిన నెల కంటే తగ్గాయా? ప్రతిదాని తర్వాత సరిదిద్దుకున్నామా?
- బిడ్డ మన దగ్గరకు వచ్చి తప్పు ఒప్పుకుంటోందా, దాస్తోందా? ఒప్పుకోవడం పెరిగితే భయం తగ్గినట్టే.
- మన అడుగుల చప్పుడు విని బిడ్డ ఉలిక్కిపడుతోందా, పక్క తడుపుతోందా, బడికి వెళ్ళనంటోందా?
- నోటు పుస్తకంలో కొత్త వేళ గానీ, కొత్త మాట గానీ చేరిందా?
- తండ్రి ఊళ్ళో లేకపోతే, రాత్రి ఫోను ఎన్నిసార్లు తప్పింది?
- మన మనిషితో ఈ నెలలో మాట్లాడామా? కౌన్సెలర్ ఇచ్చిన తేదీ తప్పిపోయిందా?

మూడు నెలలు చూసుకున్నా మొదటి వరుసలో మార్పు లేకపోతే, ఇంట్లో చేసుకునే ప్రయత్నం సరిపోవడం లేదని అర్థం. మరుసటి నెల పట్టీ దాకా ఆగకుండా ఆ వారమే ఆసుపత్రికి వెళ్ళి, నోటు పుస్తకాన్ని వెంట తీసుకెళ్ళి డాక్టరుకు చూపించండి.